చేదు తింటే చక్కెర తగ్గుతుందా?



మా నెల్లూరులో తెల్లవారుజామున నడకకి బయల్దేరితే ఒక చిత్రం కనిపిస్తుంది. పార్కు గేటు దగ్గర తోపుడు బండి. బండి మీద వరసగా సీసాలు. కాకరకాయ రసం, వేపాకు రసం, నేరేడు గింజల పొడి కలిపిన నీళ్ళు. నడిచి వచ్చిన పెద్దవాళ్ళు ముఖాలు చిట్లించుకుంటూ తలా ఒక గ్లాసు తాగుతారు. "హమ్మయ్య, ఇవాళ్టికి షుగరు పని పట్టాం" అనుకుంటూ ఆ పక్కనే ఉన్న హోటల్లో నెయ్యి వేసిన కారం దోసె తిని ఇంటికెళతారు. వాళ్ళని చూసి నవ్వుతున్నానని అనుకోకండి. ఆ వరసలో నేనూ నిలబడ్డదాన్నే. తీపి చేసిన చెరుపుని చేదు సరిచేస్తుందని మనందరికీ మనసులో ఎక్కడో ఒక నమ్మకం ఉంది. ఇవాళ ఆ నమ్మకాన్ని గురించి, చెట్టు మందుల్ని గురించి, డాక్టరు రాసే మాత్రల్ని గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

ముందుగానే మనవి చేస్తున్నాను, నేను డాక్టర్ని కాను. పదో తరగతి పాసై పెళ్ళి చేసుకుని వంటింట్లో అడుగుపెట్టినదాన్ని. రేడియోలో అప్పుడప్పుడూ మాట్లాడే పని దొరకడంవల్ల నాలుగు పుస్తకాలు చదివే అలవాటు, తెలిసినవాళ్ళని మొహమాటం లేకుండా అడిగే అలవాటు వచ్చాయి. అయితే ఈ విషయం మాత్రం పుస్తకంలో మొదలవలేదు. మా అమ్మ కాలి దగ్గర మొదలైంది.

మా పుట్టిల్లు మైపాడుకి దగ్గర్లో ఒక పల్లె. ఇంటి వెనక తాటితోపు, తోపు దాటితే ఇసక, ఇసక దాటితే సముద్రం. అమ్మకి ఎనిమిదేళ్ళుగా షుగరు. రెండు రకాల మాత్రలు వేసుకునేది. 2018లో నాకు తెలిసినావిడ ఒకామె ఒక పొడి గురించి చెప్పింది. నేరేడు గింజలు, పొడపత్రి, తిప్పతీగ, మెంతులు, ఇంకా ఏవో కలిపి దంచిన పొడి. వాళ్ళాయనకి మూడొందలున్న షుగరు నూట ఇరవైకి దిగిందట. నేను వెంటనే రెండు డబ్బాలు కొని ఊరికి తీసుకెళ్ళి అమ్మ చేతిలో పెట్టాను. ఆ పొడి తెచ్చిచ్చింది నేనేనండీ. ఈ మాట దాచుకుంటే ఇవాళ నేను మాట్లాడటంలో అర్థం లేదు.

మాత్రలు మానేయమని నేను చెప్పలేదు. మానొద్దనీ చెప్పలేదు. పొడి అమ్మినాయన మాత్రం డబ్బాతోపాటు ఒక కాగితం ఇచ్చాడు. ఇంగ్లీషు మందులు కిడ్నీలని తినేస్తాయని, ఈ పొడి ఒక మండలం వాడితే ఇక వాటి అవసరమే ఉండదని అందులో రాసి ఉంది. అమ్మ ఆ కాగితాన్ని నమ్మింది. మూడు నెలలు మాత్రల జోలికి పోలేదు. "ఒళ్ళు తేలిగ్గా ఉండాదమ్మే" అని ఫోనులో చెబితే నేనూ సంతోషించాను. ఆ మూడు నెలల్లో ఒక్కసారైనా రక్తం పరీక్ష చేయించాలని ఆవిడకీ తోచలేదు, నాకూ తోచలేదు.

కార్తీక పౌర్ణమికి అందరం సముద్ర స్నానానికి వెళ్ళాం. ఇంటికొచ్చాక నా కూతురు, "అమ్మమ్మా, నువ్వు నడిచిన చోటంతా రక్తం!" అని అరిచింది. చూస్తే అమ్మ అరికాల్లో ఆలిచిప్ప ముక్క దిగబడి ఉంది. ఇసకలో అరమైలు నడిచి వచ్చినా ఆవిడకి తెలియలేదు. ఏళ్ళ తరబడి షుగరు ఉన్నవాళ్ళకి కాళ్ళలో నరాలు మొద్దుబారిపోతాయి, నొప్పి తెలియదు. పసుపు అద్ది కట్టుకట్టాం. పది రోజులకి కాలు నల్లబడింది. నెల్లూరికి తీసుకొచ్చి పరీక్ష చేయిస్తే రక్తంలో షుగరు 412. చివరికి రెండు వేళ్ళు తీసేసి కాలు నిలబెట్టారు.

ఆసుపత్రిలో ఒకరోజు రాత్రి అమ్మని అడిగాను, "మాత్రలు ఎందుకు మానేసినావమ్మా? నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా?" అని. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "డాక్టరేమో బతికినంతకాలం మింగాలన్నాడు. ఆ కాగితంలో నలభై రోజులు చాలని ఉండె. ఎవరి మాట తియ్యగా ఉందో నువ్వే చెప్పు" అంది.

చూశారా! మనం చేదు మందు అనుకుని తాగేదాని వెనక ఉన్నది ఎంత తియ్యటి మాటో. ఈ జబ్బు పూర్తిగా పోతుంది, ఇక మందులక్కరలేదు అన్న మాటకన్న తియ్యనిది షుగరు రోగికి ఇంకేముంటుంది?

అప్పట్నుంచీ నాకు ఒకటే ఆలోచన. మన పెద్దవాళ్ళు వాడిన ఆకులన్నీ వట్టివేనా? అలా అనుకోవడానికి మనసొప్పలేదు. ఎవరో ఒకరు వీటిని పరీక్ష చేసి చూసే ఉంటారు కదా అని అడగడం మొదలుపెట్టాను. తెలుసుకున్నకొద్దీ ఆశ్చర్యం వేసింది.

మొదటి సంగతి. ఈ జబ్బు మనవాళ్ళకి కొత్త కాదు. మధుమేహమన్న పేరు ఆయుర్వేదం పెట్టిందే. మూత్రం తేనెలా తియ్యగా ఉంటుందని, చీమలు పడతాయని ఆనాడే గమనించారు. పుట్టుకతో వచ్చేది ఒకటి, తిండి తప్పి వచ్చేది ఒకటి అని సుశ్రుతుడు రెండు రకాలుగా విడదీసి చెప్పాడు. ఇవాళ డాక్టర్లు టైపు 1, టైపు 2 అనేదానికి ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి.

రెండో సంగతి ఇంకా చిత్రమైనది. షుగరు అని తేలగానే డాక్టర్లు చాలామందికి మొట్టమొదట రాసే మాత్ర మెట్‌ఫార్మిన్. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు వాడుతూనే ఉంటారు. మనం ఇంగ్లీషు మందు, ఇంగ్లీషు మందు అని భయపడే ఈ మాత్ర పుట్టుక ఒక మొక్కలో ఉంది. ఐరోపా దేశాల్లో గలీగా అనే మొక్క ఉంది. అతిమూత్రానికి అక్కడి పల్లెల్లో దాన్ని వాడేవారు. అదే మొక్కని ఎక్కువగా మేస్తే గొర్రెలు చచ్చిపోయేవి. అందులో షుగరుని తగ్గించే పదార్థమూ ఉంది, ప్రాణం తీసే గుణమూ ఉంది. దాన్ని పోలినదే అయినా హాని తక్కువగా ఉండే పదార్థాన్ని 1922లో ప్రయోగశాలలో తయారుచేశారు. 1957లో పారిస్‌లో జీన్ స్టెర్న్ అనే డాక్టరు దాన్ని షుగరు రోగులకి వాడి ఫలితాలు ప్రకటించాడు. అమెరికాలో అనుమతి వచ్చింది 1994లో. మొక్క దగ్గర్నుంచి మాత్రదాకా అంత కాలం పట్టింది. ఆ కాలమంతా చేసిందేమిటి? ఎంత ఇస్తే మేలు, ఎంత దాటితే కీడు, ఎవరికి ఇవ్వకూడదు అని తూచి చూడటమే.

ఆ తర్వాత వచ్చిన మరికొన్ని షుగరు మాత్రల కథా ఇంతే. 1835లో ఆపిల్ చెట్టు బెరడులోంచి తీసిన ఒక పదార్థం వాటికి మూలం. కాబట్టి చెట్టుకీ మాత్రకీ జన్మవైరం ఏమీ లేదు. మాత్రకి తూకం ఉంది, మన డబ్బాలో పొడికి లేదు. తేడా అంతా అక్కడే ఉంది.

ఈ తూకం మాట పట్టుకుని మన వంటింటి సరుకుల్ని ఒక్కొక్కటే చూద్దాం.

మెంతులతో మొదలుపెడతాను. వీటిని పరీక్షించింది మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థే. ఇన్సులిన్ మీద ఆధారపడే షుగరు రోగులకి నూనె తీసేసిన మెంతిపిండిని పది రోజులపాటు భోజనంలో కలిపి పెట్టారు. పరగడుపు షుగరు తగ్గింది. మూత్రంలో పోయే చక్కెర సగానికి పైగా తగ్గింది. 1990లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. వినగానే మనకి సంతోషం. కానీ వాళ్ళు పెట్టిన మెంతిపిండి ఎంతో తెలుసా? రోజుకి 100 గ్రాములు, మధ్యాహ్నం సగం, రాత్రి సగం. మనం పోపులో వేసేది చిటికెడు, రాత్రి నానబెట్టి పొద్దున మింగేది ఒక చెంచా. తర్వాత 25 గ్రాములతో కూడా పరీక్ష చేసి కొంత మేలు ఉందన్నారు. మెంతుల్లో దాదాపు సగం పీచే. ఆ జిగురు పీచు కడుపులో అన్నాన్ని నిదానంగా అరిగేలా చేస్తుంది, చక్కెర ఒక్కసారిగా రక్తంలోకి ఎగబాకదు. కాబట్టి మెంతులు మంచి ఆహారం. మాత్రకి సాయం చేస్తాయి, మాత్ర బదులు పనిచేయవు.

ఇక కాకరకాయ. దీనిమీద జరిగిన మంచి పరీక్షలన్నీ పోగుచేసి 2012లో నిపుణులు పరిశీలించారు. నాలుగు పరీక్షలు, 479 మంది రోగులు. షుగరుకి కాకర పనిచేస్తుందని చెప్పడానికి ఆధారాలు చాలవని తేల్చారు. థాయిలాండులో కాకర పొడిని, మెట్‌ఫార్మిన్‌ని పక్కపక్కన పెట్టి చూస్తే కాకర ఎంతో కొంత తగ్గించింది కానీ మాత్రంత కాదు. మన సంగతి చెప్పమంటారా? కాకరకాయ పులుసులో నిమ్మకాయంత బెల్లం వేస్తాం. వేపుడు చేస్తే గిన్నెడు నూనె పోస్తాం. కాకర తిన్నామన్న తృప్తితో ఇంకో గరిటె అన్నం పెట్టుకుంటాం. పాపం, కాకరకాయ మాత్రం ఏం చేస్తుంది?

పొడపత్రి ఆకు మీలో ఎంతమంది నమిలి చూశారు? రెండాకులు నమిలి ఆ తర్వాత పంచదార నోట్లో వేసుకుంటే ఇసక తిన్నట్టే ఉంటుంది. కాసేపటిదాకా తీపి తెలియదు. చిన్నప్పుడు మేము ఒకరికొకరు ఆకు తినిపించి బెల్లం పెట్టి ఏడిపించుకునేవాళ్ళం. నాలుకకి తీపి తెలియనంతమాత్రాన రక్తంలో తీపి పోయినట్టు కాదు. అయితే ఈ ఆకుకి లోపల కూడా కొంత గుణం ఉందని మద్రాసు విశ్వవిద్యాలయంవారు చేసిన పరిశోధన 1990లో వచ్చింది. 22 మంది రోగులకి మామూలు మాత్రలతోపాటు ఈ ఆకు సారాన్ని ఏడాదిన్నరకి పైగా ఇచ్చారు. చాలామందికి మాత్రల మోతాదు తగ్గించగలిగారు, అయిదుగురికి మాత్రలు పూర్తిగా మాన్పించగలిగారు. ఎంత బాగుంది! కానీ గమనించండి. వాళ్ళు మాత్రలు మానేసి ఆకు మొదలుపెట్టలేదు. ఆకు ఇస్తూ, రక్తం పరీక్ష చేస్తూ, అంకెలు దిగాకనే మాత్ర తగ్గించారు. మా అమ్మ చేసింది దీనికి తలకిందులు. పైగా అది 22 మంది మీద చేసిన చిన్న పరీక్ష. నలుగురు చేస్తే వచ్చిన ఫలితం నాలుగు వేలమంది చేస్తే నిలబడుతుందో లేదో చూడాలి కదా.

వేగిస చెక్క గ్లాసు గురించి వినే ఉంటారు. రాత్రి నీళ్ళు పోసి ఉంచితే తెల్లారేసరికి రంగు మారతాయి, ఆ నీళ్ళు తాగాలంటారు. ఈ వేగిస చెట్టు మన జిల్లా కొండల్లో పెరిగే ఎర్రచందనానికి దగ్గర చుట్టం. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐ.సి.ఎం.ఆర్., దీన్ని కొత్తగా షుగరు వచ్చినవారికి ఇచ్చి చూసి 1998లో ఫలితాలు ప్రకటించింది. 97 మందిలో 67 మందికి పన్నెండు వారాల్లో షుగరు అదుపులోకి వచ్చింది. అయితే వాళ్ళిచ్చింది కొలిచి తయారుచేసిన సారం, గ్లాసులో నీళ్ళు కాదు. పక్కన మాత్రలు వాడే మరో జట్టుని పెట్టి పోల్చలేదు కూడా. పథ్యంవల్ల ఎంత తగ్గిందో, చెక్కవల్ల ఎంత తగ్గిందో విడదీసి చెప్పడం కష్టం.

నేరేడు సంగతి వింటే కొంచెం బాధ కలుగుతుంది. బ్రెజిల్ దేశంలో కూడా మనలాగే నేరేడాకు కషాయాన్ని షుగరుకి తాగుతారు. అక్కడి వైద్యులు కొందరికి కషాయం, కొందరికి మాత్ర ఇచ్చి పోల్చి చూశారు. మాత్ర వేసుకున్నవాళ్ళకి తగ్గింది, కషాయం తాగినవాళ్ళకి తగ్గలేదు. అది ఆకు, మనం వాడేది గింజ అనొచ్చు. సరే, గింజనీ అలాగే తూచి చూడాలి. చూసేదాకా దాన్ని నమ్ముకుని మాత్ర మానకూడదు.

తిప్పతీగ మాట కూడా చెప్పాలి. కరోనా రోజుల్లో ఇంటింటా కుండీలో తిప్పతీగ పెరిగింది. 2021లో ముంబయి వైద్యులు అది వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని వైద్య పత్రికలో రాశారు. ఆయుష్ మంత్రిత్వశాఖ దాన్ని ఒప్పుకోలేదు. పెద్దల మధ్య వాదం పెద్దలు తేల్చుకుంటారు. చెట్టు నుంచి వచ్చింది గనక హాని చేయదు అన్న మాట మాత్రం నిలబడదని మనం తెలుసుకుంటే చాలు. గన్నేరూ చెట్టే, ఉమ్మెత్తా చెట్టే!

మన నెల్లూరు సముద్ర తీరంలో ఈ ప్రశ్నే దేశమంతా చూసేలా వచ్చింది మీకు గుర్తుంది కదా? 2021 మే నెలలో కృష్ణపట్నంలో ఆనందయ్య గారిచ్చే కరోనా మందు కోసం వేలాది జనం క్యూలు కట్టారు. మా వీధిలోవాళ్ళూ వెళ్ళారు. ఆసుపత్రిలో మంచం దొరకని రోజులవి, వాళ్ళని తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. ప్రభుత్వం ఆ మందు పంపిణీ ఆపి, ఆయుర్వేద నిపుణులతో పరిశీలింపజేసింది. మే 31న కళ్ళలో వేసే చుక్కలు తప్ప మిగిలినవాటికి అనుమతి ఇచ్చింది. హాని ఏమీ కనబడలేదని, కరోనాని తగ్గిస్తుందన్న రుజువు కూడా లేదని చెప్పింది. దాంతోపాటు ఇంకొక మాట అంది. డాక్టర్లు ఇచ్చిన మందులు మానకుండా, ఇష్టమైతే ఇదీ వాడుకోవచ్చని. ఆ చివరి మాటని నేను షుగరుకి కూడా పట్టుకున్నాను.

అయితే మాత్రలన్నీ అమృతమని నేననడంలేదు. మెట్‌ఫార్మిన్ మొదట్లో కొందరికి కడుపులో తిప్పుతుంది, విరేచనాలవుతాయి. ఏళ్ళ తరబడి వాడితే బి12 విటమిన్ తగ్గవచ్చు. కొన్ని రకాల మాత్రలు వేసుకుని తిండి ఆలస్యం చేస్తే షుగరు మరీ పడిపోయి చెమటలు పట్టి, వణుకు వస్తుంది. ఇవన్నీ ఆ మందు చీటీ మీదే రాసి ఉంటాయి, డాక్టరుకి తెలిసి ఉంటాయి. మన పొడి డబ్బా మీద ఏం రాసి ఉంది? "దుష్ఫలితాలు లేవు" అని! కిడ్నీల మాటకొస్తే, వాటిని పాడుచేసేది అదుపు తప్పిన షుగరు. కిడ్నీ దెబ్బతిన్నవారికి డాక్టరు మెట్‌ఫార్మిన్ తగ్గిస్తారు, లేదా మాన్పిస్తారు. అది చూసి మాత్రవల్లే కిడ్నీ పోయిందనుకుంటాం.

ఇంకో ప్రమాదం ఉంది. పేరూ ఊరూ లేని పొడుల్లో ఇంగ్లీషు మాత్రల పొడినే కలిపి అమ్మడం చాలా దేశాల్లో బయటపడింది. అలాంటిది వాడితే షుగరు చకచకా దిగుతుంది, మనం ఆకు మహిమ అనుకుంటాం. దానిమీద డాక్టరిచ్చిన మాత్ర కూడా వేసుకుంటే మోతాదు రెట్టింపై మనిషి స్పృహ తప్పవచ్చు. అమెరికాలో బోస్టన్ నగరంలో మన దేశపు మందులు 70 రకాలు కొని పరీక్షిస్తే 14 రకాల్లో సీసం, పాదరసం లాంటి లోహాలు కనిపించాయని 2004లో ప్రకటించారు. షుగరుని నయం చేస్తామని ప్రకటనలు వేయడాన్ని మన దేశంలో 1954 నాటి చట్టమే నిషేధించింది. ఆ చట్టం ఇప్పటికీ ఉంది. కాబట్టి "షుగరు సమూలంగా మాయం" అని గోడ మీద కనిపించినా, ఫోనులో కనిపించినా, ఆ రాసినవాడు చట్టం కాదన్న పని చేస్తున్నాడని గుర్తుపెట్టుకోండి.

మరి మనం ఇంట్లో చేయవలసిందేమిటి? నేను చేస్తున్నవి చెబుతాను.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. పాలవాడి లెక్క రాసుకుంటాం కదా, అలాగే. పరగడుపు షుగరు, భోజనమైన రెండు గంటలకి షుగరు, మూడు నెలలకొకసారి సగటు చెప్పే హెచ్‌.బి.ఏ.వన్‌.సి. పరీక్ష. ఈ సగటు చాలామందికి 7 లోపల ఉండాలంటారు, మీకెంత ఉండాలో మీ డాక్టరు చెబుతారు. ఒళ్ళు తేలిగ్గా ఉందన్న మాటని లెక్కలోకి తీసుకోవద్దు. షుగరు 300 ఉన్నా కొందరికి ఏమీ తెలియదు.

ఆకు, పొడి, కషాయం ఏది మొదలుపెట్టినా డాక్టరుకి చెప్పండి. ఆయుర్వేదం మీద నమ్మకం ఉంటే చదువుకున్న ఆయుర్వేద వైద్యుల దగ్గరికే వెళ్ళండి, వాళ్ళకీ మీరు వేసుకునే మాత్రలు చూపించండి. కోప్పడతారని ఒకరి దగ్గర ఇంకొకరి మందు దాచవద్దు. ముఖ్యంగా భర్తకి తెలియకుండా మజ్జిగలో పొడి కలిపి ఇచ్చే ఇల్లాళ్ళు ఉన్నారు. ప్రేమతోనే చేస్తారు, నాకు తెలుసు. నేనూ ప్రేమతోనే తెచ్చిచ్చాను.

టైపు 1 వచ్చిన పిల్లలకి ఇన్సులిన్ ఒక్కపూట కూడా మాన్పించకూడదు. వాళ్ళ ఒంట్లో ఇన్సులిన్ తయారవదు, దాని స్థానంలో నిలబడే ఆకు ఏదీ లేదు. 1921లో కెనడాలో ఇన్సులిన్ కనుక్కోకముందు ఆ పిల్లలు ఎక్కువకాలం బతికేవారు కాదు. 1922 జనవరిలో మొదటగా ఆ సూది వేయించుకున్న పధ్నాలుగేళ్ళ పిల్లవాడు చావు అంచునుంచి వెనక్కి వచ్చాడు. గర్భిణీ స్త్రీలు కూడా సొంతంగా ఏ పొడీ వాడవద్దు. గర్భంతో ఉన్నప్పుడు షుగరు వచ్చి కాన్పయ్యాక పోయినవాళ్ళు, పోయింది కదా అని ఊరుకోకుండా పరీక్షలు చేయించుకుంటూనే ఉండాలి.

రోజూ పడుకోబోయేముందు పాదాలు చూసుకోండి, పెద్దవాళ్ళ పాదాలు మీరు చూడండి. చెప్పుల్లేకుండా ఇసకలో, గుడి ప్రాంగణంలో ఎండలో నడవనీయకండి.

తిండి విషయంలో మనకి తెలియనిది లేదు. పళ్ళెంలో సగం కూరలూ ఆకుకూరలూ, పావు వంతు పప్పో చేపో, పావు వంతు అన్నం. నెల్లూరువాళ్ళకి అన్నం తగ్గించమంటే కోపం వస్తుంది. చేపల పులుసుతో ఎంత అన్నం లోపలికి పోతుందో మనకే తెలియదు. అందుకని నేను బియ్యం కొలిచే పోస్తున్నాను. కొలిచి వండినది కొసరి అడిగినా ఉండదు కదా!

చివరిగా మీ సంగతి. దేశంలో దాదాపు 10 కోట్ల మందికి షుగరు ఉందని ఐ.సి.ఎం.ఆర్. సర్వే 2023లో ప్రకటించింది. అందులో మనం లేమని ఎలా అనుకుంటాం? ఇంట్లో అందరికీ వేరువేరుగా వండిపెట్టే మనం, మన రక్తం పరీక్షని పండగ అయ్యాక, పెళ్ళి అయ్యాక అని వాయిదా వేస్తాం. మా అమ్మ కాలికి అంత జరిగాక కూడా నేను నా పరీక్ష రెండేళ్ళు వాయిదా వేశాను. చేయించుకుంటే పరగడుపున 148. 126 దాటితే షుగరు కింద లెక్క. ఇప్పుడు రోజుకి రెండు మాత్రలు వేసుకుంటున్నాను. ఒక్కో మాత్ర ఖరీదు టీ ఖరీదు కూడా కాదు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అయితే ఊరికే ఇస్తారు. వారానికి రెండుసార్లు బెల్లం లేని కాకరకాయ కూర, రోజూ మెంతిపిండి కలిపిన జొన్నరొట్టె తింటున్నాను. మొన్నటి సగటు 6.8. ఇందులో మాత్ర పాలెంత, మెంతుల పాలెంత, బియ్యం గ్లాసు పాలెంత అని అడిగితే చెప్పలేను. కానీ నోటుబుక్కులో అంకె ఉంది, అది చాలు.

మా అమ్మ ఇప్పుడు మెత్తటి చెప్పులు వేసుకుని మా ఇంట్లోనే ఉంటుంది. కిందటి నెల మా పక్కింటావిడ ఏదో కొత్త పొడి డబ్బా పట్టుకొచ్చి, "పెద్దమ్మా, ఇది వాడి చూడండి, నలభై రోజుల్లో పోతుందట" అంది. అమ్మ డబ్బా అటూ ఇటూ తిప్పి చూసింది. "మంచిదే తల్లీ, వాడి చూస్తాలే. ముందు మా అమ్మాయి దగ్గర ఆ నోటుబుక్కు ఉండాది, అందులో రాయించుకో" అంది. పక్కింటావిడ నవ్వేసింది. మర్నాడు తనే పరగడుపున రక్తం పరీక్షకి వెళ్ళింది.

మీరు కూడా ఇవాళ పని కాగానే అలమరలో ఉన్న మందుల డబ్బా ఒకసారి తీసి చూడండి. ఇంట్లో ఎవరు ఏది వేసుకుంటున్నారో, ఎవరు ఏది మానేశారో కనుక్కోండి. ఈ ఒక్క పని చేస్తే నా మాటలు విన్నందుకు ఫలితం దక్కినట్టే.